ఆ ఎర్రలైటు ఎవరిది?

తిరుపతిలో ఇల్లున్నవాళ్ళకు జీతం లేని ఉద్యోగం ఒకటి ఉంటుంది. శ్రీకాకుళంలో ఉన్న చుట్టానికి మొక్కు గుర్తొచ్చినా, హైదరాబాదులో ఉన్న పాత కొలీగు కూతురికి పెళ్ళి కుదిరినా ముందు మోగేది ఈ ఇంటి ఫోనే. "రద్దీ ఎట్లుంది? మూడొందల టికెట్లు ఎప్పుడు వదుల్తారు? రూము ఇప్పించేవాళ్ళు ఎవరన్నా తెలుసా?" చిత్తూరులో ఈ బెడద కొంచెం తక్కువ. అక్కడ దీనికి బదులు "వేలూరు ఆస్పత్రికి వస్తా ఉండాము, దారిలో మీ ఇంట్లో దిగతాం" అనే ఫోన్లు ఎక్కువ.

చేతిలో సెల్లు ఉండగా ల్యాండ్‌లైన్ ఎందుకని పిల్లలు అడుగుతూనే ఉంటారు. కానీ 0877తో మొదలయ్యే ఆ నంబరు పాత పెళ్ళిపత్రికల మీద ఉంది, బ్యాంకు పుస్తకంలో ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా అరవై దాటిన చుట్టాల నోటికి వచ్చు. కాబట్టి అది ఉంటుంది. హాల్లో టీవీ స్టాండు మీద కార్డ్‌లెస్ ఫోను, దాని బేసు మీద దుమ్ము పడకుండా అమ్మ కప్పిన క్రోషియా గుడ్డ, గుడ్డ కింద మినుకు మినుకుమనే ఎర్రలైటు.

ఆ లైటు గురించే ఈ అధ్యాయం. ఇంట్లో సాధారణంగా జరిగే సంభాషణ ఇది:

"ఎవురో ఫోన్ చేసుండారు, ఇన్నారా?"

"నువ్వు ఇంటావులే అనుకున్నా."

మూడో రోజుకు చుట్టాలు బస్టాండులో దిగి "వస్తున్నామని చెప్పినాం గదా" అంటారు. నిజమే, చెప్పారు. మిషనుకు చెప్పారు. ఇంట్లో నలుగురూ చూసిన లైటును ఎవ్వరూ వినలేదు.

ఇక్కడ లోపం మతిమరుపులో ఉందని చాలామంది అనుకుంటారు. కాదు. ఇంట్లో పాలవాడికి డబ్బులిచ్చేది ఎవరో తెలుసు, కరెంటు బిల్లు కట్టేది ఎవరో తెలుసు, ఆ పనులు తప్పవు. ఈ లైటు మాత్రం ఎవరి పనో ఎప్పుడూ తేల్చుకోలేదు. అది తేల్చుకుంటే సగం గొడవ తీరుతుంది. మిగతా సగం ఆ మెరిసేది ఏమిటో తెలుసుకోవడంలో ఉంది. ముందు అది చూద్దాం.

మెరిసేవి మూడు రకాలు

కార్డ్‌లెస్ ఫోన్లలో మనల్ని తికమక పెట్టే గుర్తులు మూడుంటాయి. మూడిటినీ ఒకటిగా చూసే ఇళ్ళే ఎక్కువ.

మొదటిది మిస్డ్ కాల్ గుర్తు. ఎవరో చేశారు, మనం ఎత్తలేదు, నంబరు కాలర్ ఐడీలో పడింది, అంతే. అక్కడ వినడానికి ఏమీ లేదు. జాబితా తెరిచి నంబర్లు ఒకసారి పైనుంచి కిందిదాకా చూస్తే అదే ఆరిపోతుంది. ఇక్కడ ఒక చిక్కుంది. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్‌లో సెల్లు నంబరు కొట్టాలంటే ముందు సున్నా పెట్టాలి. కాలర్ ఐడీలో సున్నా లేకుండా పది అంకెలే పడి ఉంటే, అక్కడి నుంచే తిరిగి డయల్ నొక్కితే కాల్ పోదు. "వాళ్ళ ఫోను పనిచెయ్యడంలేదు" అని వదిలేసే పెద్దలు ఎంతమందో. నంబరు కాగితం మీద రాసుకొని, ముందు సున్నా కొట్టి చెయ్యండి.

రెండోది బేసులోనే ఉండే ఆన్సరింగ్ మిషను. చిన్న తెరమీద 1, 2, 3 అని అంకె మెరుస్తుంది, లేకపోతే ప్లే బటన్ వెనక లైటు వెలిగి ఆరుతూ ఉంటుంది. ఈ సందేశాలు మీ ఇంట్లోనే, ఆ పెట్టెలోనే ఉన్నాయి. ప్లే నొక్కితే వినిపిస్తాయి. విన్నాక లైటు మెరవడం ఆగుతుంది కానీ సందేశం పోదు, విడిగా చెరపాలి. ఈ మిషన్లలో పట్టేది మామూలుగా పదిహేను ఇరవై నిమిషాల మాటలే. చెరపకుండా నెలల తరబడి వదిలేస్తే నిండిపోతుంది, ఆ తర్వాత ఎవరు మాట్లాడినా రికార్డు కాదు. చాలా మోడళ్ళలో నిండినప్పుడు కూడా లైటు వేగంగా మెరుస్తుంది. కొత్త సందేశం వచ్చిందనుకొని ప్లే నొక్కితే పోయిన సంక్రాంతినాటి పలకరింపులు వినిపిస్తాయి.

మూడోది అసలు వాయిస్ మెయిల్. ఇది మీ పెట్టెలో ఉండదు, ఫోన్ కంపెనీ దగ్గర ఉంటుంది. మన దగ్గర ల్యాండ్‌లైన్‌కు ఇది తీసుకున్న ఇళ్ళు తక్కువే. అమెరికాలోనో కెనడాలోనో పిల్లల దగ్గర ఆరునెలలు ఉండి వచ్చిన అమ్మానాన్నలకు మాత్రం బాగా పరిచయం. దీనికి గుర్తు హ్యాండ్‌సెట్ తెరమీద చిన్న ఉత్తరం కవరు బొమ్మ. రిసీవరు ఎత్తగానే డయల్ టోను ఎప్పటిలా సాగకుండా ముందు కాసేపు తెగి తెగి వస్తే, సందేశం ఉన్నట్టు.

అందరూ విసిగిపోయేది ఈ కవరుతోనే. అన్నీ వినేశాం, చెరిపేశాం, అయినా బొమ్మ పోదు. కారణం చిన్నదే. సందేశం వచ్చినప్పుడు "బొమ్మ వెలిగించు" అని, విన్నాక "ఆర్పెయ్" అని కంపెనీ మిషను సంకేతం పంపుతుంది. ఆ రెండో సంకేతం వచ్చే వేళకు కరెంటు పోయి బేసు ఆగి ఉంటే, అది అందదు. ఫోనుకు పాత కబురే నిజం. కాబట్టి ముందు డయల్ టోను వినండి. తెగకుండా సాఫీగా వస్తే సందేశాలేమీ లేనట్టే. బొమ్మను మనమే తుడిచెయ్యొచ్చు. పానసోనిక్ మోడళ్ళలో చాలావాటికి హాష్ బటన్‌ను బీప్‌మనేదాకా నొక్కి పట్టుకుంటే పోతుంది. వేరే కంపెనీ ఫోనైతే మెనూలో వెతకాలి. టోను ఇంకా తెగుతూ ఉంటే బొమ్మను తిట్టొద్దు, వినని సందేశం నిజంగానే ఎక్కడో ఉంది.

ఇంకొక సంగతి. వాయిస్ మెయిల్‌లో "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అన్నప్పుడు నొక్కినా ఏమీ జరగకపోతే ఫోను పల్స్ పద్ధతిలో ఉందని అర్థం. సెట్టింగుల్లో టోనుకు మార్చాలి.

వాయిస్ మెయిల్‌కు పేటెంటు 1983లో అమెరికాలో గోర్డన్ మాథ్యూస్ అనే ఆయనకు వచ్చింది. అక్కడ ఆఫీసుల్లో, ఇళ్ళలో అది పాకిపోయింది. మనకు ఒంటపట్టలేదు. మనకంటూ పైసా ఖర్చులేని పద్ధతి ఒకటి తయారైంది కదా, మిస్డ్ కాల్. రెండుసార్లు మోగించి పెట్టేస్తే "ఇంటికి చేరినాం" అని అర్థం. ఒకసారి మోగిస్తే "నువ్వు చెయ్యి". దీని మీదే బెంగళూరులో 2010లో జిప్‌డయల్ అనే కంపెనీ పుట్టింది, 2015లో ట్విటర్ దాన్ని కొనేసింది కూడా. మిషనుతో మాట్లాడటమంటే మనవాళ్ళకు ఇప్పటికీ సిగ్గే. బీప్ వినిపించగానే పెట్టేస్తారు. అందుకే మీ మిషనులో సగం సందేశాలు ఊపిరి శబ్దం, ఆపైన "ఎత్తడంలేదే" అని పక్కవాళ్ళతో అన్న మాట.

లైటుకు ఒక మనిషి, ఒక వేళ

ఇప్పుడు అసలు పని. ఇంట్లో ఒకరిని ఈ లైటుకు యజమానిగా పెట్టండి. రోజూ ఇంట్లో ఉండేవాళ్ళు, చెవులు బాగా వినపడేవాళ్ళు, ఫోనంటే భయం లేనివాళ్ళు అయితే మేలు. చాలా ఇళ్ళలో అది పదో తరగతి చదివే మనవడికంటే అమ్మమ్మకే బాగా కుదురుతుంది. మనవడు నిమిషంలో వినేస్తాడు, రెండు నిమిషాల్లో మరిచిపోతాడు. అమ్మమ్మ "పుత్తూరు అత్త గొంతు ఎట్లనో ఉండాది, ఏమో జరిగుండాది" అని కనిపెడుతుంది. నంబర్ల కంటే అది విలువైన సమాచారం.

తర్వాత వేళ. లైటు మెరిసినప్పుడల్లా పరుగెత్తక్కర్లేదు. రోజుకు రెండు వేళలు చాలు: పొద్దున కాఫీ అయ్యాక ఒకటి, సాయంత్రం దీపం పెట్టాక ఒకటి. టీటీడీ ఈవోకు ఎంతమంది భక్తులు ఏమేం చెప్పాలనుకుంటారో ఊహించండి. ఆయన కూడా "డయల్ యువర్ ఈవో" అని ఒక రోజు, ఒక వేళ ప్రకటించి, ఆ కాసేపు కూర్చొని ఫోన్లు తీస్తారు. మన ఇంటికి అంతకంటే ఎక్కువ ఫోన్లయితే రావు.

పొద్దున ఏడు గంటలను ఆ వేళలో కలుపుకొంటే అమెరికా పిల్లలున్న ఇళ్ళకు ఇంకొక లాభం. మనకు ఏడంటే వేసవిలో న్యూయార్కు వైపు రాత్రి తొమ్మిదిన్నర, కాలిఫోర్నియాలో సాయంత్రం ఆరున్నర. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారం వెనక్కు తిప్పుకుంటారు, అప్పుడు అక్కడ ఎనిమిదిన్నర, అయిదున్నర అవుతుంది. మార్చి రెండో ఆదివారం మళ్ళీ ముందుకు. "ఈ మధ్య గంట ఆలస్యంగా చేస్తా ఉండాడు, ఏమైందో" అని దిగులుపడే ముందు క్యాలెండరు చూడండి.

క్యాలెండరు అంటే గుర్తొచ్చింది, ఈ పనికి కొత్త డైరీ కొనొద్దు. మన ఇళ్ళలో టీటీడీ క్యాలెండరు గోడకు ఉండనే ఉంటుంది, పాల లెక్క దాని మీదే రాస్తాం. ఫోను దాని కిందికి మార్చండి, పెన్ను దారం కట్టి వేలాడదీయండి. సందేశం విన్నాక అది వచ్చిన తేదీ గడిలో కాకుండా, దానికి సంబంధించిన పని జరగాల్సిన తేదీ గడిలో రాయండి. "రేణిగుంట, పొద్దున 6, తాత్తయ్యవాళ్ళు" అని శుక్రవారం గడిలో ఉంటే శుక్రవారం దాన్ని చూడకుండా ఎవరూ ఉండలేరు. "తాత్తయ్యవాళ్ళు ఫోన్ చేసినారు" అని మంగళవారం గడిలో రాస్తే అది చరిత్ర అవుతుంది, పని కాదు.

గడిలో రాయడం అయ్యాక సందేశాన్ని అక్కడికక్కడే చెరిపెయ్యండి. "ఉండనీ, మళ్ళీ వింటాం" అనే మాటే మిషను నింపేది. ఒక్క మినహాయింపు ఉంది. పెద్దవాళ్ళ గొంతు, మళ్ళీ దొరకని గొంతు ఉంటే, స్పీకర్ పెట్టి సెల్లులో రికార్డు చేసి పిల్లలకు పంపేసి, అప్పుడు చెరపండి. కార్డ్‌లెస్ పెట్టెలు శాశ్వతం కావు. కొన్ని మోడళ్ళలో కరెంటు చాలాసేపు పోతే, లేదా అడాప్టరు కాలిపోతే, లోపలి సందేశాలు కూడా పోవచ్చు.

పలకరింపు మీ గొంతుతో

కంపెనీ పెట్టి పంపిన ఇంగ్లీషు పలకరింపు వినగానే చిత్తూరు జిల్లా చుట్టం ఫోను పెట్టేస్తాడు. "రాంగ్ నంబరు పోయింది" అనుకుంటాడు. కాబట్టి పలకరింపు మీరే రికార్డు చెయ్యండి, ఇంట్లో మాట్లాడే మాటల్లోనే. తిరుపతి ఇళ్ళకు నేను చెప్పే నమూనా ఇది:

"నమస్కారం. ఇప్పుడు ఫోన్ దగ్గర లేము. బీప్ అన్నాక మీ పేరు, నంబరు, ఎప్పుడు చెయ్యమంటారో చెప్పండి. సాయంత్రంలోగా చేస్తాము. దర్శనం టికెట్ల గురించైతే టీటీడీ నంబరు 155257కు చెయ్యండి, మాకంటే వాళ్ళకే బాగా తెలుసు."

చివరి వాక్యం వేళాకోళానికి పెట్టింది కాదు. మూడొందల టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో వదులుతారు. ఉచిత దర్శనం టోకెన్లు తిరుపతిలో శ్రీనివాసం, విష్ణు నివాసం, భూదేవి కాంప్లెక్సుల దగ్గర ఇస్తారు. ఈ రెండు ముక్కలు చెప్పినా చాలు, ఫోన్లలో పెద్ద భాగం తగ్గుతుంది. సిఫార్సు లేఖ కోసం చేసేవాళ్ళు మాత్రం ఏ పలకరింపు విన్నా ఆగరు. వాళ్ళకు మందు లేదు.

"మేం ఊళ్ళో లేము, పదో తేదీ వస్తాము" అని మాత్రం రికార్డు చెయ్యొద్దు. ఇంటికి తాళం వేసి ఉందని దొంగకు మనమే చెప్పినట్టు.

ఎన్ని రింగులకు మిషను ఎత్తాలో కూడా సెట్టింగులో ఉంటుంది. మన ఫోను జంటగా మోగుతుంది, ఒక్కో జంటకు విరామంతో కలిపి దాదాపు మూడు సెకన్లు. నాలుగు రింగులంటే పన్నెండు సెకన్లు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి పూజగది నుంచి హాలుకు రావడానికి అది చాలదు. వచ్చేసరికి మిషను ఎత్తేస్తుంది, అవతలివాళ్ళు పెట్టేస్తారు, లైటు మెరుస్తుంది. ఎనిమిది రింగులకు పెంచితే సగం హెచ్చరికలు పుట్టనే పుట్టవు.

కరెంటు, రౌటరు, అమెరికా ఫోను

పాత రాగితీగ లైన్లలో ఎక్స్ఛేంజి నుంచే 48 వోల్టుల కరెంటు వచ్చేది. అందుకే కరెంటు పోయినా పాత ఫోను మోగేది. కార్డ్‌లెస్‌కు ఆ సౌఖ్యం లేదు, బేసుకు ఇంటి కరెంటు కావాలి. ఇప్పుడు ఫైబరు వచ్చాక, ఫోను వైరు నేరుగా వైఫై రౌటరు పెట్టెలోకే పోతుంది. పెట్టె ఆగితే ఫోను లేదు. కరెంటు ఆదా అని, రేడియేషన్ అని రాత్రి పడుకోబోయే ముందు వైఫై స్విచ్ ఆపే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆపితే రాత్రంతా ఆ ఇంటికి ఫోను లేనట్టే. అర్ధరాత్రి అవసరం పడి పిల్లలు చేస్తే రింగు పోదు, బేసులోని మిషను ఎత్తదు, లైటు కూడా మెరవదు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ ఇంట్లో ఆ పెట్టెను, కార్డ్‌లెస్ బేసును ఇన్వర్టరు లైనుకో, చిన్న యూపీఎస్‌కో కలపండి. పెద్ద ఖర్చేం కాదు.

హ్యాండ్‌సెట్ బ్యాటరీలు రెండేళ్ళకోసారి మార్చాలి. మామూలు సెల్లులు వెయ్యకూడదు, రీఛార్జబుల్‌వే వెయ్యాలి. కొత్తవి వేశాక ఒక పూటంతా బేసు మీదే పెట్టి ఛార్జి చెయ్యండి.

ఇక పిల్లలు సూట్‌కేసులో పెట్టి తెచ్చే అమెరికా కార్డ్‌లెస్ సంగతి. "డెక్ట్ 6.0" అని రాసి ఉంటుంది, చూడ్డానికి బాగుంటుంది. ఇక్కడ వాడొద్దు. అవి 1920 నుంచి 1930 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. మన దేశంలో 1920 నుంచి సెల్లు ఫోన్ల 3జీ తరంగాలకిచ్చారు, కాబట్టి ఈ ఫోను చుట్టుపక్కల సెల్లు టవరుకు అడ్డం పడుతుంది. అందుకే వాటి వాడకాన్ని ఇక్కడ అనుమతించరు. పైగా వాటి అడాప్టర్లు చాలావరకు 120 వోల్టులకు చేసినవి, మన 230 వోల్టుల ప్లగ్గులో పెడితే పొగ. ఇక్కడ కొన్న ఫోనే ఇక్కడ వాడండి.

తొమ్మిది నొక్కమంటే

మిషనులో మనిషి గొంతు కాకుండా రికార్డు చేసిన గొంతు వినిపించి, "మీ నంబరు రెండు గంటల్లో కట్ అవుతుంది, తొమ్మిది నొక్కండి" అంటే అది మోసం. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఎవరి ఫోనూ కట్ చెయ్యదని, అలా ఫోన్లు చెయ్యదని ఆ సంస్థే చెప్పింది. సందేశంలో ఇచ్చిన నంబరుకు తిరిగి చెయ్యొద్దు. చేస్తే పోలీసులమంటూ "డిజిటల్ అరెస్టు" అని వీడియో కాల్‌లో కూర్చోబెట్టి బెదిరిస్తారు, అలాంటిది చట్టంలో ఎక్కడా లేదు. 2024 అక్టోబరులో ప్రధాని మన్ కీ బాత్‌లో కూడా ఇదే చెప్పారు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. ఆ నాలుగంకెలు క్యాలెండరు మీద పెద్దగా రాసిపెట్టండి.

మీ మిషనుకు బయటి నుంచి ఫోన్ చేసి సందేశాలు వినే సదుపాయం ఉంటే, దాని రహస్య సంఖ్యను తప్పకుండా మార్చండి. కంపెనీ పెట్టినది మాన్యువల్‌లో అచ్చయి ఉంటుంది, అందరికీ తెలుసు. మార్చిన సంఖ్య అమెరికాలో ఉన్న బిడ్డకు చెప్పి ఉంచితే, అమ్మ ఆస్పత్రిలో ఉన్న రోజున ఆ లైటుకు తాత్కాలికంగా వాళ్ళే యజమాని.

చివరగా పిల్లలకు ఒక మాట. అమ్మానాన్నలకు మిషనులో సందేశం పెట్టేటప్పుడు మొదటి మాటగా "అందరం బాగుండాము" అని చెప్పండి. ఆ తర్వాత ఎవరు మాట్లాడుతున్నారో, ఏ రోజు ఎన్ని గంటలకో, మళ్ళీ మీరే ఎప్పుడు చేస్తారో చెప్పండి. నంబరు చెప్పాల్సి వస్తే రెండేసి అంకెలు ఆగి ఆగి, రెండుసార్లు చెప్పండి. "అమ్మా, ఫోన్ చెయ్యి" అని ఒక్క ముక్క చెప్పి మాత్రం పెట్టెయ్యొద్దు. వాళ్ళు ఆ రాత్రి నిద్రపోరు.